గాజు కప్పు కింద సోలాక్స్

1912 శరదృతువు. పొద్దున్నే చలిగాలి వీస్తోంది. మన్‌హటన్ ఉత్తర భాగంలో ఉన్న రేవులో ఫెర్రీ ఎక్కి హడ్సన్ నది దాటుతున్నాం. ఈ నది మీద ఇక్కడ వంతెన పడడానికి ఇంకా పందొమ్మిదేళ్లు ఉంది. డెక్కు మీద మన పక్కనే నిలబడ్డవాళ్లని కాస్త గమనించండి. ఒకామె ఒళ్లో టోపీల పెట్టె, ఒకాయన చేతిలో ఇత్తడి బిగింపులున్న తోలు సంచి. బ్రాడ్‌వేలో రాత్రి నాటకం ముగించుకుని, చాలీచాలని నిద్రతో పొద్దుటి పనికి బయల్దేరిన నటులు వీళ్లు. ఆ పనేమిటో గట్టిగా చెప్పుకోవడానికి కొందరికి ఇంకా మొహమాటమే. రంగస్థలం వాళ్ల దృష్టిలో సినిమా ఇంకా గౌరవమైన వృత్తి కాదు. రోజు కూలి మాత్రం చేతికి ఠంచనుగా వస్తుంది.

అవతలి ఒడ్డున నల్లటి రాతి గోడలా నిలబడ్డవి పాలిసేడ్స్ కొండలు. రేవులో దిగి ట్రాలీ బండి ఎక్కితే అది మెలికలు తిరుగుతూ కొండ పైకి చేరుస్తుంది. పైన ఉన్న ఊరు పేరు ఫోర్ట్ లీ, న్యూజెర్సీ రాష్ట్రం. చూడ్డానికి చిన్న పల్లె: చెక్క ఇళ్లు, మట్టి రోడ్లు, ఒకటి రెండు సారాయి దుకాణాలు. కానీ నాలుగడుగులు వేసేసరికి కౌబాయ్ వేషాలవాళ్లు గుర్రాల మీద ఎదురొస్తారు. మలుపు తిరిగితే మొహం నిండా తెల్లటి పౌడరు పూసుకున్న పెళ్లికూతురు అరుగు మీద కూర్చుని గుడ్డు తింటూ ఉంటుంది. ఊరివాళ్లు ఆగి చూడరు, అలవాటైపోయింది. అమెరికా సినిమాకి ఈ ఏడాది రాజధాని ఇదే. హాలీవుడ్‌లో నారింజ తోటల మధ్య ఇప్పుడిప్పుడే ఒకరిద్దరు గుడారాలు వేసుకుంటున్నారు.

ఇక్కడికి వచ్చినవాళ్లలో చాలామంది ఎడిసన్ కూటమికి బయట ఉన్నవాళ్లు. కెమెరాల మీద, ప్రొజెక్టర్ల మీద పేటెంట్లన్నీ గుప్పిట్లో పెట్టుకుని 1908లో ఎడిసన్, మరికొందరు పెద్ద కంపెనీలవాళ్లు కలిసి ఒక ట్రస్టు కట్టారు. అందులో చేరనివాళ్లు సినిమా తీస్తే కోర్టు నోటీసు రావచ్చు, కెమెరా జప్తు కావచ్చు. అయినా ఇండిపెండెంట్లు వెనక్కి తగ్గలేదు. ఇవాళ న్యూజెర్సీలోనే ఎడిసన్ పేరు పెట్టుకున్న ఊళ్లో మన తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. ఆ ఊరి నుంచి కారులో గంట దూరం కూడా ఉండని ఈ కొండ మీద, ఆయన కూటమికి లొంగకుండా ఒక స్త్రీ స్టూడియో కట్టింది. మనం వెళ్తున్నది అక్కడికే.

లెమోయిన్ అవెన్యూ మీద ఆ భవనం కనిపించగానే మీరు ఆగుతారు. చుట్టూ చెక్క ఇళ్లే ఉన్న ఊళ్లో అంత ఎత్తున ఇనుప చట్రాలు, వాటి మధ్య గాజు పలకలు, గోడ నుంచి కప్పు దాకా గాజే. కట్టడానికి లక్ష డాలర్ల పైనే అయింది. తలుపు మీద కంపెనీ గుర్తు: ఉదయిస్తున్న సూర్యుడు. సోలాక్స్ అనే పేరులోనూ సూర్యుడే. తగినదే, ఈ వ్యాపారానికి ఇంకా ఎండే ప్రాణం. ఈ గోడలు లేస్తున్న నెలల్లో యజమానురాలు నిండు గర్భిణి, కొడుకు రెజినాల్డ్ ఈ జూన్‌లోనే పుట్టాడు. కూతురు సిమోన్‌కి నాలుగేళ్లు.

లోపలికి రండి. ముందు మీకు తగిలేది వెలుతురు, ఆ వెంటనే చప్పుడు. వెలుతురు తెల్లగా, నీడ లేకుండా నాలుగు వైపుల నుంచీ పడుతోంది. ఎండ మరీ చురుక్కుమంటే తాళ్లతో లాగి కప్పు కింద పల్చటి బట్ట పరుస్తారు. మబ్బు పడితే పాదరసపు దీపాలు వెలిగిస్తారు, ఆ పచ్చటి కాంతిలో మనుషుల మొహాలు జబ్బుపడ్డట్టు కనిపిస్తాయి. ఇక చప్పుడంటారా, చెప్పనలవి కాదు. ఒక మూల వడ్రంగులు మేకులు కొడుతున్నారు. దాని పక్కనే ఒక బీద తల్లి బిడ్డని చూసి ఏడుస్తోంది. ఆ పక్క సెట్లో రౌడీలు బల్లలు విరగ్గొడుతున్నారు. ఒక్కో సెట్టుకీ మూడేసి గోడలే, నాలుగో గోడ ఉండాల్సిన చోట కెమెరా. అన్ని సెట్లలోనూ ఒకేసారి షూటింగ్ నడుస్తుంది. మూకీ కదా, ఎవరి గొడవా ఎవరికీ అడ్డు కాదు.

గోడల రంగులు చూశారా? గులాబీ అందం కోసమో నీలం నిగారింపు కోసమో వేసిన రంగు ఒక్కటీ లేదు, అన్నీ బూడిద, గోధుమ ఛాయలే. ఇప్పటి ముడి ఫిల్ముకి ఎరుపు కనపడదు, నల్లగా పడుతుంది. నీలం తెల్లగా పడుతుంది. ఎర్రబుగ్గల ఆరోగ్యవంతుణ్ణి మేకప్ లేకుండా నిలబెడితే తెర మీద మసి పూసినట్టు కనిపిస్తాడు. అందుకే అందరి మొహాలకీ అంత దట్టంగా పౌడరు. రంగులు వేసేవాడు తన కళ్లని నమ్మడానికి లేదు, ఫిల్ము కంటితో చూడడం నేర్చుకోవాలి.

ఇప్పుడు తలెత్తి చూడండి. అందరికీ కనపడేలా పెద్ద అక్షరాలతో ఒక బోర్డు వేలాడుతోంది: బీ నేచురల్. సహజంగా ఉండండి, అంతే. ఇంకో ఆజ్ఞ లేదు, నియమాల పట్టిక లేదు. నాటకాల నుంచి వచ్చిన నటుడికి ఇది పెద్ద పరీక్ష. వెనక బెంచీవాడి దాకా చేరాలని ఇన్నేళ్లుగా చేతులు బార్లా చాచి, గుండెలు బాదుకుని, కళ్లు పెద్దవి చేసి బతికాడు. ఇక్కడ కెమెరా పది పన్నెండు అడుగుల దూరంలోనే ఉంది. కనురెప్ప వాల్చినా పట్టేస్తుంది. అంత నటన అక్కర్లేదని ఎవరైనా చెబితే నొచ్చుకుంటాడు. ఆ చెప్పే పని రోజంతా ఆ బోర్డు చేస్తూ ఉంటుంది. సినిమా నటన గురించి తరవాత రాసిన పుస్తకాలెన్నో ఉన్నా, ఈ రెండు మాటలని మించి చెప్పినవి తక్కువేనని నా నమ్మకం.

ఆ బోర్డు పెట్టించినావిడ అదిగో, కెమెరా పక్కన. పేరు అలీస్ గీ బ్లాషే, వయసు ముప్పై తొమ్మిది. పారిస్ పక్కన సాంమాందేలో 1873లో పుట్టింది. తండ్రి చిలీ దేశంలో పుస్తకాల వ్యాపారి. ఆ వ్యాపారం చితికింది, ఆయన పోయాడు. కుటుంబం కోసం అలీస్ టైపు, షార్ట్‌హ్యాండ్ నేర్చుకుని 1894లో ఒక ఫొటో పరికరాల కంపెనీలో సెక్రటరీగా చేరింది. మరుసటి ఏడాది ఆ కంపెనీ లియాన్ గోమాంట్ చేతికి వచ్చింది. లూమియేర్ సోదరులు కదిలే బొమ్మల్ని చూపించిన తొలి ప్రదర్శనల్లో ఒకదానికి యజమానితో పాటు వెళ్లింది. అందరూ ఫ్యాక్టరీ గేటుని చూసి ముచ్చటపడుతుంటే, దీంతో కథ ఎందుకు చెప్పకూడదు అనుకుంది. అనుమతి అడిగితే గోమాంట్ ఒప్పుకున్నాడు, ఆఫీసు ఉత్తరాల పని కుంటుపడకూడదన్న షరతు మీద. అలా 1896లో క్యాబేజీల్లోంచి పసిపిల్లల్ని తీసే దేవకన్య కథ ఒకటి తీసింది. అక్కడి నుంచి పదేళ్ల పాటు గోమాంట్ కంపెనీలో చిత్రనిర్మాణమంతా ఆమె చేతి మీదుగానే నడిచింది.

ఆ పదేళ్లలో ఆమె చేసిన పనిలో ఒకటి మన కథలోకి కూడా వస్తుంది. గోమాంట్ దగ్గర క్రోనోఫోన్ అనే యంత్రం తయారైంది. పాట ముందు రికార్డు చేసి, ఆ రికార్డు వినిపిస్తుంటే నటులు పెదవులు కదిలిస్తారు, కెమెరా ఆ బొమ్మ తీసుకుంటుంది. హాల్లో రెండూ కలిపి వినిపిస్తూ చూపిస్తారు. ప్లేబ్యాక్ పాటల మీదే పెరిగిన మనకి ఇది వివరించక్కర్లేదు. అలాంటి చిత్రాలు అలీస్ వంద పైగా తీసింది. గొట్టాల్లో గాలి ఒత్తిడితో శబ్దం పెంచేలా ఆ యంత్రాన్ని బాగుచేసి క్రోనోమెగాఫోన్ అని అమ్మారు. ఆ క్రోనోమెగాఫోన్‌నే మచిలీపట్నం నుంచి మద్రాసు చేరి ఫొటో స్టూడియో పెట్టుకున్న మన రఘుపతి వెంకయ్య నాయుడు ఉన్నదంతా ఒడ్డి కొన్నారు. దాన్ని ఊరూరా తిప్పి చూపించారు. ఆ తరవాతే గెయిటీ థియేటరు, కొడుకు ప్రకాశ్‌ని సినిమా విద్య కోసం విదేశాలకు పంపడం, స్టార్ ఆఫ్ ది ఈస్ట్ కంపెనీ, 1921లో భీష్మ ప్రతిజ్ఞ. ఒకే యంత్రం మద్రాసులో ఆయన్ని సినిమా వైపు, ఈవిణ్ణి అమెరికా వైపు నడిపించింది.

నడిపించిన తీరు మాత్రం వేరు. అలీస్ 1907లో గోమాంట్ ఉద్యోగి హెర్బర్ట్ బ్లాషేని పెళ్లాడి, కొద్ది రోజులకే అతనితో ఓడెక్కింది. క్లీవ్‌లాండ్‌లో క్రోనోఫోన్ అమ్మకం చూసుకోవడం అతని పని. నెలల తరబడి తిరిగినా వ్యాపారం సాగలేదు. గోమాంట్ వాళ్లు న్యూయార్క్ దగ్గర ఫ్లషింగ్‌లో కట్టిన స్టూడియోకి హెర్బర్ట్ మేనేజరయ్యాడు. అది ఎక్కువ రోజులు ఖాళీగానే పడి ఉండేది. ఖాళీగా ఉన్న గాజు గది చూస్తూ ఊరుకోవడం అలీస్‌కి చేతకాలేదు. 1910 సెప్టెంబరులో భాగస్వాముల్ని కూడగట్టి సోలాక్స్ పెట్టింది. అక్టోబరులోనే మొదటి చిత్రం బయటికొచ్చింది. రెండేళ్లు తిరిగేసరికి సొంత భవనంలో ఉన్నాం చూడండి. తన సొంత సినిమా స్టూడియో కట్టి నడిపిన మొదటి స్త్రీ ఈమె.

షాటు మొదలవుతోంది. కెమెరామన్ దగ్గరికి జరగండి. నున్నటి చెక్క పెట్టె, పక్కన పిడి. సెకనుకి రెండు చుట్లు, చుట్టుకి ఎనిమిది ఫ్రేములు. తన గుండె ఎంత కొట్టుకున్నా, ఎదురుగా ఎంత గోల జరిగినా, చెయ్యి ఆ లయ తప్పకూడదు. నెమ్మదిస్తే తెర మీద మనుషులు ఉరుకుతారు, తొందరపడితే ఈదుతారు. పెదవుల్లో లెక్క పెట్టుకుంటూ తిప్పుతున్నాడు. అలీస్ పక్కనే నిలబడి నటులతో మాట్లాడుతూనే ఉంది. మూకీలో దర్శకులకి ఉన్న వరం ఇది, షాటు నడుస్తుండగానే చెప్పుకోవచ్చు. ఇంకా ఫ్రెంచి యాస వదలని ఇంగ్లీషు. లేవకు, అప్పుడే లేవకు, తలుపు వైపు చూడు, ఇప్పుడు.

మధ్యాహ్నం చీకటి గదిలో రీలు వేస్తున్నారట, పదండి. ఈ ఏడాది మార్చిలో విడుదలైన ఫాలింగ్ లీవ్స్. ఫ్లషింగ్‌లో తీసింది. పెద్ద కూతురికి క్షయ. డాక్టరు వచ్చి చూసి తలూపుతాడు. చెట్టుకి చివరి ఆకు రాలే నాటికి ఈ పిల్ల ఉండదంటాడు. పెద్దవాళ్లు ఏడుస్తున్నారు. కానీ కెమెరా చూడమంటున్నది మూలనున్న చిన్న పిల్లని, ట్రిక్సీని. ఆ వేషం మాగ్డా ఫోయ్‌ది, జనం సోలాక్స్ కిడ్ అని పిలుచుకునే బుజ్జి నటి. డాక్టరు మాట ఆమె విన్నది. కిటికీ వైపు చూసింది. ఆకులు ఒక్కొక్కటే రాలుతున్నాయి.

రాత్రి. రాత్రి గౌను మీదే ట్రిక్సీ తోటలోకి వస్తుంది. చేతిలో దారపు ఉండ. చెట్టు దగ్గర నిలబడి, రాలిన ఆకు తీసి కొమ్మకి కట్టడం మొదలుపెడుతుంది. ఇక్కడ అలీస్ ఏం చేసిందో గమనించండి. పిల్ల కెమెరా వైపు తిరిగి కన్నీళ్లు పెట్టుకోదు, ఆకాశం వైపు చేతులు జోడించదు. పని చేస్తుంది. ముడి వేస్తుంది, బిగిసిందో లేదో చూస్తుంది, ఇంకో ఆకు అందుకుంటుంది. వేళ్ల మీదే ఆమె ధ్యాసంతా. పిల్లలు ఏదైనా గట్టిగా నమ్మినప్పుడు అంత శ్రద్ధగానే చేస్తారు. దారిన పోతున్న ఒక డాక్టరు ఆగి, ఎందుకమ్మా అని అడుగుతాడు. క్షయకి కొత్త మందు కనిపెట్టినవాడే అతను. తరవాత కథ మీకు అర్థమయ్యే ఉంటుంది. అంతకు కొన్నేళ్ల ముందు ఓ హెన్రీ రాసిన చివరి ఆకు కథ ఛాయ ఇందులో ఉంది. అయితే అక్కడ ఆకుని కాపాడింది ముసలి చిత్రకారుడు, ఇక్కడ మాటని మాటగానే నమ్మే పసిది. ఆ మార్పులోనే ఈ పన్నెండు నిమిషాల చిత్రం నిలబడింది. కూతురున్న తల్లి తీసిన సినిమా అని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది.

చీకటి గది పక్కనే లాబొరేటరీ. లోపలికి తొంగి చూడడమే, అగ్గిపుల్ల ఊసెత్తకండి. పెద్ద పెద్ద చెక్క డ్రమ్ములకి తడి ఫిల్ము చుట్టి తిప్పుతూ ఆరబెడుతున్నారు. ఎర్ర దీపం వెలుగులో పనివాళ్ల చేతులు తప్ప మొహాలు కనిపించవు. రాత్రి దృశ్యమైతే నీలం తొట్టిలో, మంటలైతే ఎరుపులో ముంచి తీస్తారు. ఈ ఫిల్ము నైట్రేటు, అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు. ఆ సంగతి అందరికీ తెలుసు, రోజూ దాని మధ్యే పనిచేస్తారు.

ఈ అక్టోబరులోనే విడుదలైన ఇంకో చిత్రం గురించి చెప్పాలి. ఎ ఫూల్ అండ్ హిజ్ మనీ. దారిలో డబ్బు దొరికిన ఒక నల్లజాతి కుర్రాడు ఖరీదైన బట్టలు, కారు కొని, ప్రేమించిన అమ్మాయి కోసం విందు చేసి, పేకాటలో మోసపోయి అన్నీ పోగొట్టుకునే కథ. నల్లవాళ్లతో కలిసి నటించేందుకు తెల్ల నటులు నిరాకరించారని, దాంతో తారాగణం మొత్తం నల్లవాళ్లతోనే అలీస్ తీసిందని చెబుతారు. కేక్‌వాక్ నాట్యంలో పేరున్న జేమ్స్ రసెల్ ఇందులో కథానాయకుడు. ఆనాటి వెకిలి మూసలు ఇందులోనూ ఉన్నాయి, వాటిని దాటేసి చూడలేం. అయినా, నల్లవాళ్ల వేషాలు తెల్లవాళ్లే మసి పూసుకుని వేసే రోజుల్లో, నిజమైన నల్ల నటులు మంచి బట్టలు కట్టుకుని కుర్చీల్లో కూర్చుని, ప్రేమించి, భంగపడి కనిపించడం చిన్న విషయం కాదు.

మరుసటి ఏడాదికి దూకుదాం, 1913. స్టూడియోలో ఊపు పెరిగింది. ఒక్క రీలు కథలు చాలడం లేదు, మూడు రీళ్ల చిత్రాలు కావాలంటున్నారు. డిక్ విటింగ్‌టన్ అండ్ హిజ్ క్యాట్ కోసం ఏకంగా ఒక ఓడని మందుగుండుతో పేల్చారు. ఆ పని తనే చూసుకుంటానని ముందుకెళ్లిన హెర్బర్ట్‌కి ఒళ్లు కాలింది. ఆ చిత్రానికి 35,000 డాలర్లు పెట్టినట్టు కంపెనీ చాటుకుంది. డిక్ అనే కుర్రాడి వేషం వేసింది వినీ బర్న్స్ అనే అమ్మాయి.

ఎడ్గార్ ఆలన్ పో కథ ది పిట్ అండ్ ది పెండ్యులమ్ తీస్తున్న రోజు గుండె దిటవున్నవాళ్లే లోపలికి రండి. నటుడు డార్విన్ కార్‌ని బల్లకేసి తాళ్లతో కట్టేశారు. ఆ తాళ్లని ఎలుకలు కొరికి తెంచాలి, కథ అది. బొమ్మ ఎలుకలు కావు. తాళ్లకి తిండి పూసి, నిజం ఎలుకల్ని వదిలారు. కట్టేసి ఉన్న మనిషి మీద నుంచి అవి పాకుతుంటే అతను కదలకూడదు, కెమెరామన్ చెయ్యి ఆగకూడదు. బీ నేచురల్ బోర్డు ఆ రోజు అతనికి అక్కర్లేకపోయి ఉంటుంది.

అదే ఏడాది బయట రోడ్ల మీద ఇంకో హడావిడి. మ్యాట్రిమనీస్ స్పీడ్ లిమిట్. షేర్లలో డబ్బంతా పోగొట్టుకున్న కుర్రాడు, బీదవాణ్ణయ్యాను కాబట్టి పెళ్లి వద్దంటాడు. అమ్మాయి దగ్గర డబ్బుంది, అతనికి అభిమానం అడ్డం. మధ్యాహ్నం పన్నెండు లోపల పెళ్లి చేసుకుంటే ఆస్తి వస్తుందని అమ్మాయే ఒక దొంగ టెలిగ్రాం పంపిస్తుంది. గడియారంలో ముల్లు కదులుతుంటే వీడు ఫోర్ట్ లీ వీధుల్లో కనబడ్డ ఆడవాళ్లందరినీ పెళ్లి చేసుకోమని బతిమాలుతూ పరిగెడతాడు. అమ్మాయి పాస్టరుని కారులో వేసుకుని వెనకాల వస్తుంది. కథలో ఎన్ని నిమిషాలో తెర మీద దాదాపు అన్నే నిమిషాలు. డబ్బు, అభిమానం, పెళ్లి: పగ్గాలు మాత్రం అమ్మాయి చేతిలో.

ఇక పై అంతస్తు ఆఫీసులోకి వెళ్దాం. కింద ఉన్నంత వెలుగు ఇక్కడ లేదు. బల్ల మీద లెక్కల పుస్తకాలు. ఒక్క రీలు చిత్రమంటే వెయ్యడుగుల ఫిల్ము. ఎక్స్ఛేంజిలవాళ్లు, అంటే మన భాషలో డిస్ట్రిబ్యూటర్లు, ప్రింటుని అడుగు లెక్కన కొంటారు. అడుగుకి పది సెంట్ల చొప్పున ప్రింటుకి వంద డాలర్లు. అందులో ఏడిపించే బొమ్మ ఉన్నా, గోడలు చూపించినా వందే. హాలు నెల రోజులు నిండినా నిర్మాతకి పైసా ఎక్కువ రాదు. వారానికి రెండు మూడు చిత్రాలు తప్పకుండా ఇస్తూ ఉంటే బండి నడుస్తుంది. చిత్రం పొడుగై, ఓడలు పేలి, సెట్లు పెరిగి ఖర్చు రెక్కలు తొడుక్కుంటే ఈ లెక్క కూలిపోతుంది. అలీస్ చేతిలో కథ ఉంది, సెట్టు ఉంది, కెమెరా, లాబొరేటరీ, నటులు ఉన్నారు. కొనేవాడి తలుపు మాత్రం ఆమె చేతిలో లేదు.

ఆ తలుపు వెనక జరిగే సమావేశాల గురించి ఆమె తన జ్ఞాపకాల్లో రాసుకుంది. ఇండిపెండెంట్ నిర్మాతలంతా కలిసి పంపిణీ గురించి మాట్లాడుకునే చోటికి తనూ వస్తానంది. హెర్బర్ట్ వద్దన్నాడు. అక్కడ మగవాళ్లు చుట్టలు కాల్చుకుంటూ, ఉమ్ముకుంటూ ఇష్టమొచ్చినట్టు మాట్లాడుకోవాలనుకుంటారు, నువ్వుంటే వాళ్లకి ఇబ్బంది అన్నాడు. ఆమె వెళ్లలేదు. నాకు ఈ చరిత్ర మొత్తంలో గుండెలో ముల్లులా గుచ్చుకునే చోటు ఇదే. మందుగుండు మధ్య, ఎలుకల మధ్య నిలబడి షాటు తీసిన మనిషి, తన కంపెనీ తలరాత రాస్తున్న గదిలోకి చుట్టల పొగ పేరు చెప్పి అడుగుపెట్టలేకపోయింది. ఆమె మాట అక్కడ వినిపించి ఉంటే సోలాక్స్ నిలిచేదని నేను చెప్పలేను. ఆ రోజుల్లో ఎన్నో కంపెనీలు మగ యజమానులతోనే మునిగాయి. కానీ ఆ గదిలో ఆమె కుర్చీ ఖాళీగా ఉండడం వ్యాపార నష్టమే, ఆ మాట గట్టిగా అంటాను.

1913 జూన్‌లో గోమాంట్‌తో హెర్బర్ట్ ఒప్పందం ముగిసింది. తను కథలు రాసుకుంటూ, చిత్రాలు తీసుకుంటూ ఉండొచ్చని అలీస్ అతన్ని సోలాక్స్ అధ్యక్షుణ్ణి చేసింది. కొద్ది నెలలకే అతను ఆ పదవి వదిలి బ్లాషే ఫీచర్స్ అని ఇంకో కంపెనీ మొదలుపెట్టాడు. అదే భవనం, అవే సెట్లు, అదే సరంజామా, అవే నటులు. రెండు కంపెనీలూ ఒకే కప్పు కింద ఎంతకాలం నడుస్తాయి? 1914కల్లా సోలాక్స్ పేరుతో చిత్రాలు రావడం దాదాపు ఆగిపోయింది. అదే ఏడాది పారమౌంట్ లాంటి పంపిణీ సంస్థలు లేచాయి. నిర్మాతకి ముందే అడ్వాన్సు ఇచ్చి, హాళ్లని ఏడాదికి సరిపడా కట్టిపడేసే పద్ధతి వాళ్లది. సినిమా ఎలా ఉండాలో తీసేవాళ్ల కంటే అమ్మేవాళ్లు చెప్పే కాలం మొదలైంది. అదే ఏడాది జూలైలో అలీస్ ఒక సినిమా పత్రికలో వ్యాసం రాసింది. సినిమా కళలో మగవాళ్లు చేసి ఆడవాళ్లు చేయలేని పని ఏదీ లేదని ఆమె వాదన. ఆ వాదనకి రుజువుగా కట్టిన భవనంలో అప్పటికే పునాదులు కదులుతున్నాయి.

ఆ తరవాతి ఏళ్లు గబగబా దాటేద్దాం, ఆమెకి కూడా అవి గబగబా గడిచినవే. ఇతర కంపెనీల కోసం జీతానికి తీసింది. రంగస్థల నటి ఓల్గా పెట్రోవాతో ది టైగ్రెస్, ది వాంపైర్, మై మడోనా వంటివి చేసింది. తన స్టూడియోనే ఇతరులకి అద్దెకిచ్చింది. యుద్ధపు శీతాకాలంలో బొగ్గు కరువైంది. గాజు గదుల్ని వెచ్చబెట్టలేక ఫోర్ట్ లీ గడ్డకట్టింది. ఏడాది పొడుగునా ఎండ ఉన్న కాలిఫోర్నియా పిలుస్తోంది, కంపెనీలన్నీ మూటలు కట్టాయి. 1918లో హెర్బర్ట్ కూడా ఆమెనీ పిల్లల్నీ వదిలి హాలీవుడ్ వెళ్లిపోయాడు. స్పానిష్ ఫ్లూ ఆమెని కూడా పట్టింది. చావు తప్పించుకుని లేచి టార్నిష్డ్ రెప్యుటేషన్స్ తీసింది. 1920లో విడుదలైన ఆ చిత్రమే ఆమె చివరిది. 1919లో స్టూడియోలో నిప్పంటుకుంది. తరవాత అప్పులవాళ్లు, లాయర్లు, వేలం. సుత్తి దెబ్బకి ఒక్కో వస్తువూ వేరేవాళ్లదైపోతుంటే ఆమె అక్కడ ఉండి చూసుకోవాల్సి వచ్చింది. 1922లో ఇద్దరు పిల్లల్ని తీసుకుని ఫ్రాన్స్ వెళ్లే ఓడెక్కింది.

అక్కడా పని దొరకలేదు. ఏం తీశారు, చూపించండి అని అడిగితే చూపించడానికి చేతిలో ఒక్క ప్రింటు లేదు. 1927లో మళ్లీ అమెరికా వచ్చి, వాషింగ్టన్‌లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో వెతికింది. తన చిత్రం ఒక్కటి కూడా దొరకలేదు. కొన్నిటి కింద చరిత్రకారులు ఇతరుల పేర్లు రాసేశారు. సరిదిద్దమని ఉత్తరాలు రాస్తూ, తను తీసినవాటి పట్టిక తనే జ్ఞాపకం మీద రాసుకుంటూ వృద్ధాప్యం గడిపింది. 1968 మార్చి 24న న్యూజెర్సీలోనే కన్నుమూసింది. ఆమె ఆత్మకథ ఫ్రెంచిలో అచ్చయింది 1976లో. సమాధి మీద సినిమా సంగతి ఒక్క ముక్క లేకపోతే, ఫోర్ట్ లీ ఫిల్మ్ కమిషన్ వాళ్లు 2012లో కొత్త రాయి వేయించి ఆమె మొదటి మహిళా దర్శకురాలని, సోలాక్స్ అధ్యక్షురాలని చెక్కించారు.

సోలాక్స్ పేరుతో వచ్చినవి మూడు వందల పైచిలుకు చిత్రాలు. మిగిలినవి కొన్నే. అవి దొరికిన తీరులు కూడా చిత్రమైనవే: ఎ ఫూల్ అండ్ హిజ్ మనీ ఒక పాత పెట్టెలో పడి ఉండగా బయటపడి, అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ చేతికి చేరి బాగుపడింది. ఫాలింగ్ లీవ్స్, మ్యాట్రిమనీస్ స్పీడ్ లిమిట్ ఇవాళ మీ ఫోన్‌లోనే చూడొచ్చు, ఒక్కోటి పావుగంట లోపే. ముందు ఫాలింగ్ లీవ్స్ పెట్టండి. పక్కన పిల్లలుంటే కూర్చోబెట్టుకోండి, వాళ్లకి టైటిలు కార్డులు చదివి పెట్టండి. దారపు ఉండ పట్టుకుని ట్రిక్సీ తోటలోకి ఎందుకెళ్తోందో మాత్రం చెప్పకండి. వాళ్లే చెబుతారు.